బ్యాటు వదిలినవాడు, హాకీ కర్ర వదిలినవాడు

హైదరాబాద్ నుంచి బీజాపూర్ వెళ్లే రోడ్డు మీద మొయినాబాద్ దాటి చేవెళ్ల దాకా పాత మర్రిచెట్లు ఇంకా నిలబడి ఉన్నాయి. వాటి వెనక ఉండిన జొన్న చేలు, కూరగాయల మడులు మాత్రం చాలాచోట్ల కనిపించవు. ఫాంహౌస్‌ల ప్రహరీలు, ఫంక్షన్ హాళ్లు, గంటల లెక్కన అద్దెకిచ్చే క్రికెట్ మైదానాలు వచ్చాయి. గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువుల నీళ్లు పాడుకాకూడదని 1996లో ప్రభుత్వం 111 నంబరు జీవో తెచ్చింది. ఆ జీవో ఫ్యాక్టరీలను ఆపిందేమో గాని గోడలను ఆపలేదు. ఆదివారం వస్తే పట్నం నుంచి కార్లు దిగుతాయి, తెల్లబట్టల ఆట మొదలవుతుంది. తండాల పిల్లలు గోడ అవతల పడ్డ బంతులు ఏరి ఇస్తారు. వాళ్లలో కొందరు మంచి బౌలర్లు కూడా.

ఈ పిల్లలకు ఆట గురించి, త్యాగం గురించి కలిపి చెప్పే కథ ఒకటుంది. తెలుగు క్రైస్తవ సభల్లో తరచుగా వినబడే కథే. ఇంగ్లండు క్రికెట్ ఆటగాడు, కేంబ్రిడ్జి కెప్టెన్ సి.టి. స్టడ్, పేరు ప్రతిష్ఠలు, ఆస్తి అన్నీ విడిచిపెట్టి దేవుని సేవకు వెళ్లిపోయాడని. కథ నిజమే. మేము దాన్ని కాదనడానికి కూర్చోలేదు. అయితే అదే కథను మన వైపు నుంచి, అంటే నీలిమందు పండించినవాడి వైపు నుంచి, ఎరుకల వాడ వైపు నుంచి, తండా వైపు నుంచి చూస్తే అందులో సభల్లో చెప్పని సంగతులు కొన్ని కనబడతాయి. వాటితోపాటు మనలోనే పుట్టిన మరో కెప్టెన్ గుర్తొస్తాడు. ఆయన్ని దేవుని సేవకోసమే పెంచారు. ఆయన వేరే చోటికి వెళ్లాడు.

ముందు స్టడ్ సంగతి. చార్లెస్ థామస్ స్టడ్ 1860 డిసెంబరు 2న ఇంగ్లండులో పుట్టాడు. అన్నదమ్ములంతా క్రికెట్ పిచ్చివాళ్లే. జార్జి, చార్లెస్, కైనాస్టన్ అనే ముగ్గురు 1882, 83, 84 సంవత్సరాల్లో ఒకరి తర్వాత ఒకరు కేంబ్రిడ్జి జట్టుకు కెప్టెన్లయ్యారు. ఒకే ఇంట్లో మూడేళ్లు వరసగా కెప్టెన్సీ నిలిచిందన్నమాట, మన ఊళ్లలో సర్పంచి పదవి నిలిచినట్టు. ముగ్గురిలోనూ చార్లెస్సే మేటి. 1882 సీజన్‌లో వెయ్యికి పైగా పరుగులు చేశాడు, వందకు పైగా వికెట్లు తీశాడు. అప్పటికి అటువంటి లెక్క అందుకున్నవాళ్లు అరుదు.

ఆ ఏడాది ఆగస్టు చివర లండన్ ఓవల్ మైదానంలో ఆస్ట్రేలియాతో జరిగిన ఆట క్రికెట్ తెలిసినవాళ్లందరికీ తెలుసు. గెలవడానికి ఇంగ్లండుకు 85 పరుగులు కావాలి. స్పోఫోర్త్ అనే బౌలర్ ఆ ఆటలో మొత్తం 14 వికెట్లు తీశాడు. ఇంగ్లండు 77కే కూలింది, ఏడు పరుగుల తేడాతో ఓడింది. స్టడ్‌ను బాగా వెనక దింపారు. ఒక్క బంతి కూడా ఎదుర్కోకుండా అవతలి కొసన నిలబడి తోటివాళ్లు అవుటవుతుంటే చూశాడు. ఇంగ్లండు క్రికెట్ చచ్చిపోయిందని, దాని బూడిదను ఆస్ట్రేలియాకు పట్టుకుపోతారని ఒక పత్రిక ఎగతాళిగా వేసింది. ‘యాషెస్’ అన్న పేరు అక్కడినుంచే వచ్చింది. ఆ చలికాలం బూడిదను తిరిగి తేవడానికి ఆస్ట్రేలియా వెళ్లిన జట్టులోనూ స్టడ్ ఉన్నాడు. అప్పటికి అతనికి ఇరవై రెండేళ్లు.

ఇక్కడ ఆగి తండ్రి గురించి చెప్పాలి. సభల్లో ఈ ముక్క సాధారణంగా ఒక్క వాక్యంలో దాటిపోతుంది. తండ్రి ఎడ్వర్డ్ స్టడ్ ధనవంతుడు. ఆ ధనం వచ్చింది ఇంగ్లండు పొలాల నుంచి కాదు, ఉత్తర బీహారులోని తిర్హూత్ నుంచి, నీలిమందు తోటల నుంచి. నీలిమందు పంట అంటే ఏమిటో బీహారు రైతుకు చెప్పనక్కర్లేదు. పక్కనున్న చంపారన్‌లో ‘తీన్‌కఠియా’ పద్ధతి ఉండేది. బిఘాకు ఇరవై కట్టాలైతే అందులో మూడు కట్టాలు దొరలకోసం నీలిమందు వేయాలి. తనకు తిండి పండించుకోవాల్సిన నేలలో, దొర చెప్పిన పంట, దొర చెప్పిన ధరకు. 1917లో గాంధీ చంపారన్ వెళ్లింది ఈ బాధ వినడానికే. ఎడ్వర్డ్ స్టడ్ స్వయంగా ఎవరిని ఎట్లా చూశాడో అన్నది కాదు మన వాదం. నీలిమందు లాభం ఎటునుంచి ఎటు ప్రవహించిందో గుర్తుపెట్టుకోమంటున్నాం. ఇంగ్లండులో రేసు గుర్రాలు పెంచిన ఆ పెద్దమనిషి, 1870లలో అమెరికా బోధకుడు మూడీ ప్రసంగం విని మారిపోయాడు, గుర్రాలు వదిలాడు. రెండేళ్లకే చనిపోయాడు. ఆస్తి కొడుకులకు వచ్చింది.

1883 చివర అన్న జార్జి జబ్బుపడి చావు అంచుకు వెళ్లాడు. మంచం పక్కన కూర్చున్న చార్లెస్‌కు, ఈ ఆట, ఈ చప్పట్లు చివరికి దేనికి పనికొస్తాయన్న ప్రశ్న పుట్టింది. అన్న బతికాడు గాని ప్రశ్న పోలేదు. 1885 ఫిబ్రవరిలో మరో ఆరుగురితో కలిసి చైనాకు ఓడెక్కాడు. ‘కేంబ్రిడ్జి ఏడుగురు’ అని పత్రికలు పేరుపెట్టాయి. ఆ ఏడుగురిలో పడవ పందేల మొనగాడు స్టాన్లీ స్మిత్ కూడా ఉన్నాడు. చైనాలో వాళ్లు చైనా బట్టలు తొడిగారు, జడలు పెంచారు, భాష నేర్చారు.

ఇరవై ఐదేళ్లు నిండితే తండ్రి ఆస్తిలో వాటా అందేలా ఏర్పాటుంది. స్టడ్ వాటా సుమారు 29,000 పౌండ్లు. అప్పట్లో అది కొండంత డబ్బు. 1887 జనవరి 13న అతను చైనా నుంచే చెక్కులు రాశాడు. మూడీకి 5,000, బ్రిస్టల్‌లో అనాథాశ్రమాలు నడిపిన జార్జి ముల్లర్‌కు 5,000, లండన్ పేదలకోసం పనిచేసేవారికి 5,000, భారతదేశంలో సాల్వేషన్ ఆర్మీ పనికి 5,000. ఇంకా కొన్ని వెయ్యి పౌండ్ల చెక్కులు. మిగిలిన కొద్ది మొత్తం పెళ్లినాడు భార్య ప్రిసిల్లాకు ఇస్తే, ఆమె అదీ ఇచ్చెయ్యమంది. ఇచ్చేశాడు. ఇంత నిండు చేత్తో ఇచ్చినవాడిని చిన్నబుచ్చడం మర్యాద కాదు. మన చుట్టూ భూమి అమ్మిన డబ్బు రెండేళ్లలో కార్లుగా, ఫంక్షన్లుగా కరిగిపోవడం చూస్తున్నవాళ్లం మనం.

కాని ఆ నాలుగో చెక్కును కొంచెం వెంబడిద్దాం. భారతదేశంలో సాల్వేషన్ ఆర్మీ మొదలుపెట్టినవాడు ఫ్రెడరిక్ బూత్ టక్కర్. ఇతను కూడా వదిలినవాడే. ఐ.సి.ఎస్. కొలువుకు రాజీనామా చేసి, 1882లో బొంబాయిలో దిగి, కాషాయం కట్టి, ఫకీర్ సింగ్ అని పేరు పెట్టుకున్నాడు. స్టడ్ డబ్బుతో యాభైమంది కొత్త కార్యకర్తలు ఇండియాకు రాగలిగారని స్టడ్ చరిత్ర రాసినవాళ్లు సంతోషంగా చెబుతారు. ఆ చరిత్రలు అక్కడే ఆగిపోతాయి. మన చరిత్ర అక్కడ ఆగదు.

1871లో బ్రిటిష్ సర్కారు నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. పుట్టుకతోనే మనిషి దొంగ అని రాసిన చట్టం అది. 1911లో దాన్ని సవరించి మద్రాసు రాష్ట్రానికి కూడా విస్తరించారు. ఎరుకలవాళ్లు ఉప్పు, ధాన్యం గాడిదల మీద మోసి, బుట్టలు అల్లి బతికినవాళ్లు. రైలు వచ్చి, ఉప్పు సర్కారు చేతిలోకి పోయి, ఆ బతుకు విరిగింది. విరిగినవాళ్లను దొంగలన్నారు. లంబాడీల కథా ఇదే. ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు మోసి దక్కన్ సైన్యాలకు తిండి చేరవేసినవాళ్లం మనం. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు పడింది. తాండూరు, వికారాబాద్, శంకర్‌పల్లి మీదుగా, అంటే చేవెళ్లకు కూతవేటు దూరంలో. ఆ కూతతో లదేణీ పోయింది. ఎద్దులు పోయాక నేల కావాలి, నేల అప్పటికే పటేళ్ల, దేశ్‌ముఖుల పేర రాసి ఉంది. చాలాచోట్ల లంబాడీల పేర్లు కూడా పోలీసు పుస్తకాల్లోకి ఎక్కాయి.

ఆ చట్టం కింద మనుషులను ఒకచోట పెట్టి ‘సంస్కరించే’ పనిని సర్కారు మిషనరీ సంస్థలకు అప్పజెప్పింది. 1908 నుంచి ఉత్తరాదిలో ఆ పని అందుకున్నది బూత్ టక్కర్ నాయకత్వంలోని సాల్వేషన్ ఆర్మీయే. 1913లో గుంటూరు జిల్లా బాపట్ల దగ్గర ఎరుకలవాళ్ల సెటిల్‌మెంటు వెలిసింది. మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టూవర్ట్ అనే అధికారి పేర దానికి స్టూవర్ట్‌పురం అని పేరు పెట్టారు. హాజరు పిలుపు, బయటికి పోవాలంటే పాసు. బడి ఉంది, పొలం ఉంది, ప్రార్థన ఉంది. దగ్గర్లోనే చీరాల పొగాకు కంపెనీకి కూలీలూ ఇక్కడి నుంచే దొరికారు. పారిపోలేని కూలీ కంటే చవక కూలీ ఏముంటుంది?

స్టడ్ ఇచ్చిన 5,000 పౌండ్లతో స్టూవర్ట్‌పురం కట్టారని మేము అనడం లేదు. మధ్యలో పాతికేళ్లు ఉన్నాయి. ఆ డబ్బు ఇచ్చేనాటికి అటువంటి సెటిల్‌మెంటు ఆలోచనే లేదు. ఆ సెటిల్‌మెంట్లలో అక్షరం నేర్చుకున్న ఎరుకలవాళ్లు, పోలీసు దెబ్బల మధ్య మిషనరీ దగ్గరే కాస్త నీడ చూసినవాళ్లు ఉన్నారు, అదీ రాయాలి. మేము అనేది ఇంతే. బీహారు రైతు నేల నుంచి తీసిన సొమ్ము లండన్ చేరి, అక్కడ త్యాగమై, తిరిగి మన దేశానికి దయగా వచ్చింది. ఆ దయ అందుకున్న సంస్థే తర్వాత మనవాళ్ల హాజరు పట్టీ రాసింది. 1952 ఆగస్టు 31న చట్టం రద్దయింది. పేరు మాత్రం సినిమాల్లో ఇంకా డబ్బులు సంపాదించి పెడుతోంది.

స్టడ్ ఇండియాకు స్వయంగా కూడా వచ్చాడు. 1900లో. మొదట కొన్ని నెలలు తండ్రి సంపాదించిన తిర్హూత్‌లోనే తోటల దొరలకు బోధించాడు. తర్వాత 1906 దాకా ఊటీలో ఒక చర్చికి పాస్టరుగా ఉన్నాడు. నీలగిరులంటే తోడాలు, కోటాలు, కురుంబలు, ఇరుళ్ల నేల. అతని సంఘం మాత్రం ప్రధానంగా ఇంగ్లీషు మాట్లాడే అధికారులు, తోటల యజమానులు, సైనికులు. విచిత్రం ఏమిటంటే సరిగ్గా ఆ రోజుల్లోనే, 1901-02లో, కేంబ్రిడ్జి నుంచే రివర్స్ అనే పండితుడు అదే కొండకు వచ్చి తోడాల దగ్గర కూర్చుని వాళ్ల బర్రెల పేర్లు, బంధుత్వాలు, గుడి పాల కుండల ఆచారాలు రాసుకుని 1906లో పెద్ద పుస్తకం వేశాడు. ఒక కేంబ్రిడ్జి మనిషి తోడాలను చదివాడు. ఇంకో కేంబ్రిడ్జి మనిషి వాళ్ల కొండ మీద తనవాళ్లకు బోధించాడు. తోడాలు ఇద్దరినీ ఏమనుకున్నారో ఎవరూ పుస్తకం వెయ్యలేదు.

ఆ తర్వాత 1913లో, యాభై దాటిన వయసులో, ఉబ్బసంతో, జబ్బుపడ్డ భార్యను ఇంగ్లండులో వదిలి, బెల్జియం పాలనలోని కాంగో అడవికి వెళ్లాడు. రబ్బరు కోసం మనుషుల చేతులు నరికిన లియోపోల్డు రాజు చేతి నుంచి ఆ దేశం జారి అప్పటికి అయిదేళ్లే. భార్య మళ్లీ ఒక్కసారి, 1928లో, రెండు వారాలు వచ్చి చూసి వెళ్లింది. మరుసటి ఏడు చనిపోయింది. అతను అక్కడి జనం మాట్లాడే కింగ్వానాలోకి కొత్త నిబంధన అనువదించాడు. తనలాగా రాత్రింబగళ్లు పనిచెయ్యని తోటి మిషనరీలతో తగాదా, లండన్ కమిటీతో తగాదా. 1931 జులై 16న ఇబాంబిలో పోయాడు. కాంగో జనం అతన్ని ‘బ్వానా ముకుబ్వా’ అనేవారు. పెద్ద దొర అని అర్థం.

ఈ పేరు గుర్తుంచుకుని రెండో కెప్టెన్ దగ్గరికి వద్దాం.

జైపాల్ సింగ్ ముండా 1903 జనవరి 3న ఇప్పటి జార్ఖండ్‌లోని ఖూంటీ దగ్గర టకరా అనే ముండా ఊళ్లో పుట్టాడు. పశువులు కాచిన పిల్లవాడు. రాంచీలోని సెయింట్ పాల్స్ మిషన్ బడిలో చేరాడు. బడి పెద్ద, ఆంగ్లికన్ ఫాదర్ కాస్‌గ్రేవ్, ఈ పిల్లవాడి తెలివి చూసి 1918లో తనతో ఇంగ్లండు తీసుకెళ్లాడు. ఉద్దేశం స్పష్టమే, చదివించి ఫాదర్‌ను చెయ్యాలి. ముండా ఫాదర్ అయితే ముండాల మధ్య పని సులువు. కాంటర్‌బరీలోని మిషనరీ కళాశాలలో చేర్చారు. పిల్లవాడు అక్కడ ఆగలేదు. ఆక్స్‌ఫర్డ్ సెయింట్ జాన్స్ కళాశాలకు వెళ్లాడు, ఆర్థికశాస్త్రం చదివాడు, హాకీలో ఆక్స్‌ఫర్డ్ ‘బ్లూ’ అయ్యాడు.

1928లో అతను లండన్‌లో ఐ.సి.ఎస్. శిక్షణలో ఉన్నాడు. ఆమ్‌స్టర్‌డాం ఒలింపిక్స్‌కు భారతదేశం మొదటిసారి హాకీ జట్టును పంపింది. కెప్టెన్‌గా జైపాల్‌ను ఎన్నుకున్నారు. సెలవు అడిగితే ఇండియా ఆఫీసు ఇవ్వలేదు. సెలవు లేకుండానే వెళ్లాడు. ధ్యాన్‌చంద్ ఆడిన మొదటి ఒలింపిక్స్ అదే. అయిదు ఆటల్లో మన జట్టు 29 గోల్స్ కొట్టింది, ఒక్కటీ ఇవ్వలేదు. మే 26న ఫైనల్లో నెదర్లాండ్స్‌ను 3-0తో ఓడించింది. అయితే ఆ ఫైనల్లో కెప్టెన్ జైపాల్ లేడు. జట్టు నిర్వాహకులతో విభేదం వచ్చి తప్పుకున్నాడు. దేశానికి మొదటి హాకీ బంగారు పతకం, దాని కెప్టెన్ ఒక ఆదివాసీ. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఎంతమందికి కనబడింది?

తిరిగి వస్తే ఐ.సి.ఎస్. వాళ్లు, సెలవు లేకుండా పోయావు గనక శిక్షణ మరో ఏడాది చెయ్యాలన్నారు. చెయ్యనన్నాడు, కొలువు వదిలాడు. అప్పట్లో ఐ.సి.ఎస్. అంటే జిల్లాకు జిల్లా చేతిలో ఉన్నట్టు. ఒక బూత్ టక్కర్ దేవుడి కోసం వదిలింది జైపాల్ ఆత్మగౌరవం కోసం వదిలాడు.

తర్వాత పదేళ్లు ఆయన జీవితం త్యాగం లాగా ఏమీ కనిపించదు. చమురు కంపెనీలో ఉద్యోగం, ఆఫ్రికా గోల్డ్‌కోస్ట్‌లో అచిమోటా కళాశాలలో పాఠాలు, రాయ్‌పూర్‌లో రాజకుమారుల కళాశాల, బికనీర్ సంస్థానంలో పెద్ద కొలువు. పెళ్లి చేసుకున్నది కాంగ్రెసు మొదటి అధ్యక్షుడు డబ్ల్యు.సి. బెనర్జీ మనవరాలిని. సూటూ బూటూ, దొరల క్లబ్బులు. మాకు ఈ పదేళ్లు ముఖ్యంగా తోస్తాయి. చదువుకుని పట్నం చేరిన మన పిల్లలు కూడా ఇట్లాగే ఉంటారు. పండక్కి వస్తారు, తీజ్ ఫొటోలు దిగుతారు, పోతారు. ‘వాడింక మనవాడు కాదు’ అని తండా తేల్చేస్తుంది. ముండాలు కూడా అలా తేల్చి ఉండవచ్చు.

1938 చివర ఆయన పాట్నా మీదుగా రాంచీ వచ్చాడు. ఆదివాసీల సభకు నాయకుడు కావాలి. చదువుకున్న క్రైస్తవ ఆదివాసీలకూ సంప్రదాయ సర్నా ఆదివాసీలకూ మధ్య, లూథరన్లకూ కాథలిక్కులకూ మధ్య గోడలున్న రోజులవి. మిషన్లు ఎన్ని బడులు కట్టాయో అన్ని గోడలూ కట్టాయి. 1939 జనవరి 20న ఆదివాసీ మహాసభకు జైపాల్ అధ్యక్షుడయ్యాడు. ఫాదర్ కావాల్సినవాడు వేదిక ఎక్కి ప్రత్యేక రాష్ట్రం అడిగాడు. జనం ‘మరంగ్ గోమ్కే’ అన్నారు. ముండారీలో మహా నాయకుడు, పెద్ద దొర. కాంగోలో స్టడ్‌కు వచ్చిన పేరుకూ దీనికీ అర్థంలో తేడా ఏమంత లేదు. పిలిచినవాళ్లకు ఒకరు బయటినుంచి వచ్చినవాడు, ఇంకొకరు బయటికి పోయి వచ్చినవాడు.

ఇటువంటివాడే ఇంకో కెప్టెన్, నాగా కొండల తలిమెరెన్ ఆవో. తండ్రి నాగాల్లో తొలితరం పాస్టరు. కొడుకు డాక్టరై తనవాళ్లకు సేవ చెయ్యాలన్నది ఆయన కోరిక. 1948 లండన్ ఒలింపిక్స్‌లో స్వతంత్ర భారత ఫుట్‌బాల్ జట్టుకు ఆవో కెప్టెన్, ఊరేగింపులో జెండా మోసింది కూడా ఆయనే. చాలామంది వట్టికాళ్లతో ఆడి ఫ్రాన్సు చేతిలో 2-1తో ఓడారు. ఆట చాలించి, 1950లో ఎం.బి.బి.ఎస్. ముగించి, కోహిమా వెళ్లి ఆసుపత్రిలో పనిచేశాడు. తండ్రి మతసేవ, కొడుకు వైద్యసేవ. ఆయన గురించి వేరే వ్యాసమే రాయాలి.

తెలుగు నేల మీద ఇంత కచ్చితమైన పోలిక ఉన్న ఆటగాడు లేడు గాని, మిషన్ లోపలే ఈ ప్రశ్న వేసినవాడు ఉన్నాడు. డోర్నకల్ బిషప్ అజరయ్య. తిరునెల్వేలి మనిషి, వై.ఎం.సి.ఎ. కార్యదర్శి పదవి వదిలి 1909లో డోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. మరుసటి ఏడు ఎడిన్‌బరో మహాసభలో తెల్ల మిషనరీల ముఖం మీదే చెప్పాడు, మీ త్యాగాలు, మీ దానాలు అందాయి, మాకు స్నేహితులు కావాలి అని. 1912లో ఆంగ్లికన్ సంఘానికి మొదటి భారతీయ బిషప్ అయ్యాడు. స్టడ్ కథ చెప్పే సభల్లో ఈ మాట కూడా చెబితే బాగుండును.

జైపాల్ దగ్గరికే తిరిగి వద్దాం. 1946 డిసెంబరు 19న రాజ్యాంగ సభలో నెహ్రూ తీర్మానం మీద ఆయన మాట్లాడాడు. తాను జంగ్లీనని, ఆ పేరుకు గర్విస్తున్నానని మొదలుపెట్టాడు. ఆదివాసీలకు మీరు ప్రజాస్వామ్యం నేర్పలేరు, వాళ్ల దగ్గర మీరే నేర్చుకోవాలన్నాడు. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషులో చెప్పాడు కాబట్టి విన్నారు. తర్వాత ఆయన స్థాపించిన జార్ఖండ్ పార్టీ 1952లో బీహారు శాసనసభలో 32 స్థానాలు గెలిచి ప్రధాన ప్రతిపక్షమైంది. 1963లో అదే పార్టీని తీసుకెళ్లి కాంగ్రెసులో కలిపేశాడు. ఈ పని ఆయన అనుచరులు చాలామంది క్షమించలేదు, మేమూ సమర్థించలేం. 1970 మార్చి 20న పోయాడు. జార్ఖండ్ రాష్ట్రం వచ్చింది 2000 నవంబరు 15న.

రాజ్యాంగ సభలో ఆయన పట్టుబట్టి ఓడిన చిన్న పోరాటం ఒకటుంది. అనువాదాల్లో మా జనాన్ని వనజాతి అంటున్నారు, అది అనాగరికులన్నట్టు ఉంది, మా పేరు ఆదివాసీ, ఆ మాటే రాయండి అన్నాడు. రాయలేదు. ‘షెడ్యూల్డ్ ట్రైబ్’ నిలిచింది. తెలంగాణ లంబాడీలకు, ఎరుకలకు ఆ జాబితాలో చోటు దక్కడానికి 1976 చట్టసవరణ దాకా ఆగాల్సి వచ్చింది. తెలుగులో మనందరికీ కలిపి గిరిజనులని పేరు పెట్టారు, కొండల్లో ఉండేవాళ్లని. చేవెళ్ల, మొయినాబాద్ దగ్గర మన తండాలున్నది చదును నేల మీద, క్రికెట్ మైదానం గోడ పక్కన.